మిల్టన్‌పై పరిశోధన చేసినవారు విజయనగరంలో ఏం బోధించాలి?

(కలంపేర్లతో ముగ్గురి చర్చ)

మూడు లాంతర్లు (విజయనగరం):

మా పట్టణంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఆంగ్ల అధ్యాపక పదవికి దరఖాస్తు పెట్టుకుంటున్న ఒక అమ్మాయి, తన పరిశోధనాసక్తులనూ బోధనాసక్తులనూ వివరిస్తూ రాసుకున్న రెండు పేజీలను నాకు చూపించి అభిప్రాయం అడిగింది. పరిశోధన కింద ఆంగ్లకవి మిల్టన్, పదిహేడో శతాబ్దపు భక్తికవిత్వం ఉన్నాయి. బోధన కింద ఆంగ్ల కవిత్వం, నాటకం, విమర్శ సిద్ధాంతాలు ఉన్నాయి. ఆమె చదువుకు వంక పెట్టలేను. కానీ ఆ రెండు పేజీలను లండన్‌లోనైనా లక్నోలోనైనా ఒక్క అక్షరం మార్చకుండా ఇచ్చుకోవచ్చు గదా అన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

1968లో నైరోబీ యూనివర్సిటీ కాలేజీలో కెన్యా రచయిత గూగీ వా థియాంగో, మరో ఇద్దరు సహాధ్యాపకులు కలిసి, ఆంగ్లశాఖను ఎత్తివేసి ఆఫ్రికా సాహిత్యాన్ని కేంద్రంగా పెట్టుకోవాలని ప్రతిపాదించారు. నేను అంత దూరం పోవడం లేదు. అయినా శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, మన పక్కనే ఉండగా, అక్కడి కథలను ఆంగ్లంలోకి తేవడానికీ, ఆంగ్లకథతో కలిపి చదవడానికీ రెండు భాషలూ వచ్చినవారు కరువైపోగా, మిల్టన్ మీద మరో సిద్ధాంత వ్యాసం ఎవరి కోసం? ఇక్కడ పాఠం చెప్పేవారి పరిశోధన ఇక్కడి నేలతో ముడిపడి ఉండాలని నా వాదం.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

అయ్యా, మీ ఆవేదన అర్థమైంది గాని వాదన నాకు మింగుడుపడలేదు.

కన్యాశుల్కంలో, అగ్నిహోత్రావధానులు ఇంట, గిరీశమూ వెంకటేశమూ ఇంగ్లీషు మాట్లాడి చూపించే ఘట్టాన్ని తీసుకోండి. వినేవారికి ఒక్క ముక్కా తెలియదన్న ధీమాతో గిరీశం నోటికొచ్చిన పద్యాల తునకలు వల్లిస్తాడు. వెంకటేశం ట్రెపీజియం భుజాల గురించీ, ఎఫ్ అక్షరంతో ముగిసే నామవాచకాల బహువచనాల గురించీ బడిలో బట్టీపట్టినదంతా అప్పజెప్పి గట్టెక్కుతాడు. ఆ తునకల్లో ఒకటి 'ఆఫ్ మాన్స్ ఫస్ట్ డిసొబీడియన్స్ అండ్ ద ఫ్రూట్ ఆఫ్ దట్ మాంగో ట్రీ' అన్నది. 1667లో అచ్చయిన మిల్టన్ కావ్యం ప్యారడైజ్ లాస్ట్ తొలి పంక్తులవి. ఏదెను తోటలోని నిషిద్ధవృక్షం గిరీశం నోట మామిడిచెట్టయింది. అక్కడ మిల్టన్ కావ్యదేవతను పాడమని వేడుకుంటే, ఇక్కడ గిరీశం 'మై వెరీ గుడ్ బాయ్' అంటూ వెంకటేశాన్ని పాడమంటాడు. మిల్టన్ తెలియనివారికి అది వట్టి కోతలరాయుడి హాస్యం. తెలిసినవారికి మాత్రం, వితంతువైన బుచ్చమ్మ ఉన్న ఇంట్లో, ముందు ముందు ఆమెను లేవదీసుకుపోబోయేవాడి నోట దైవధిక్కారం, నిషిద్ధఫలం ప్రస్తావన రావడం కాకతాళీయంగా తోచదు. నాకు తోచలేదు.

ఇంత చేసిన గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలోనే చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. 1883లో సారంగధర కథను ఆంగ్లకావ్యంగా రాశారు. కన్యాశుల్కం రెండు కూర్పులకూ, అంటే 1897లోనూ 1909లోనూ, పీఠికలు ఆంగ్లంలోనే రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లసాహిత్యానికి ఆనర్సు శాఖ ఏర్పడింది 1894లోనట. అప్పటికే, అంటే 1892లోనే, విజయనగరంలో ఈ నాటకం ఆడేశారు. మిల్టన్ మనకు పరాయివాడని ఏ మొహంతో అనగలం?

ఇంకో మాట. ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఏ దేశపు సాహిత్యం మీద పనిచేసినా దాన్ని విశాలదృష్టి అంటాం. శ్రీకాకుళం పిల్ల మాత్రం శ్రీకాకుళం మీదే పరిశోధన చేయాలని కట్టడి పెడితే, అభిమానం పేరుతో ఆమె హద్దులు మనమే గీసినట్టు కాదా?

ఎచ్చెర్ల బస్సు:

మేష్టార్లిద్దరూ పరిశోధన చుట్టూనే తిరుగుతున్నారు గనుక బోధన సంగతి నేను ఎత్తుతాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సహాయాచార్యులకు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన ఉంటుంది. ఆంగ్లం ప్రధాన విషయంగా తీసుకునే విద్యార్థులు లేనిచోట ఆ గంటలన్నీ బీకాం, బీఎస్సీ తరగతుల జనరల్ ఇంగ్లీషుకే పోతాయి. పలాస నుంచో టెక్కలి నుంచో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్ల, కెమిస్ట్రీ రికార్డులో చేసిన ప్రయోగం గురించి నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేక పక్కనున్న రికార్డు చూసి, అందులోని అక్షరదోషాలతో సహా, దించుకుంటుంది. ఆ పిల్లకు ఏం నేర్పుతారో ఈ అమ్మాయి రెండు పేజీల్లో ఎక్కడైనా ఉందా?

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు బడులు పెట్టారు, వాచకాలు రాశారు. ఆ భాషకు ఆయన ఆంగ్లంలో రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో వెలువడింది. ఆయన విషయంలో పరిశోధనను నడిపించింది తరగతి గది అవసరమే.

సాధనాల మాట కూడా చూడండి. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద సుమారు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ప్రైవేటు కళాశాలలో చేరినవారికి ఆ వీలు లేదు. మిల్టన్ మీద కొత్తమాట చెప్పాలంటే పాత మాటలన్నీ చదివి ఉండాలి గదా.

మూడు లాంతర్లు:

నాగావళి గారు చూపించిన మామిడిచెట్టు నా వాదానికే నీడనిస్తోంది. మిల్టన్‌ను కన్యాశుల్కంతో కలిపి చదవడమన్నది మీరు చేసిన పని. ఆ అమ్మాయి కాగితంలో దాని ఊసే లేదు. తెలుగు శాఖలో మిల్టన్ ఉండడు, ఆంగ్ల శాఖలో గురజాడ ఉండరు. అందుచేత ఆ ఘట్టంలోని వ్యంగ్యం రెండు శాఖలకూ మధ్యన ఎవరికీ పట్టకుండా పోతోంది. శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి గారి నవల అల్పజీవి సంగతీ అంతే. చైతన్యస్రవంతి (పాత్ర మనసులోని ఆలోచనల ప్రవాహాన్ని అలాగే రాసే పద్ధతి) అనగానే ఐరిష్ రచయిత జాయిస్ పేరు చెప్పి వదిలేస్తాం గాని, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చదివించే తరగతి ఎక్కడుంది? నేను కట్టడి పెట్టడం లేదు. ఆంగ్లశాఖవారు తప్ప మరొకరు చేయలేని పని ఒకటి ఉందని, దాన్ని చేసేవారికి నియామకంలో మొగ్గు ఉండాలని మాత్రమే అంటున్నాను.

నాగావళి ఒడ్డు:

మొగ్గు చూపడం దాకా వస్తే నాకు పేచీ లేదు. నా భయమల్లా, ఆ మొగ్గు ఉందని తెలిసిన మరుక్షణం నుంచి ప్రతి దరఖాస్తులోనూ గురజాడ పేరుతో ఒక పేరా అతికించడం మొదలవుతుందని. అలాంటి పేరా కన్నా నికార్సైన మిల్టన్ పరిశోధనే మేలు. ఎచ్చెర్ల గారి ఆక్షేపణకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోవలసిందే. ఆ అమ్మాయికి నేను చెప్పేదైతే ఇలా చెబుతాను: పరిశోధన భాగాన్ని ముట్టుకోవద్దు. బోధన భాగంలో జనరల్ ఇంగ్లీషును మొట్టమొదట పెట్టి, రికార్డు రాయలేని పిల్లతో తొలి నెలలో ఏం రాయిస్తావో వివరంగా రాయి. ఆ తర్వాతే పదిహేడో శతాబ్దపు కవిత్వం. వలస పాలన కాలంలో ఇక్కడివారు ఆంగ్లం ఎలా చదువుకున్నారన్న ఐచ్ఛిక పాఠ్యాంశం ఒకటి చేర్చు, నిజంగా చెప్పాలని ఉంటేనే.

ఎచ్చెర్ల బస్సు:

ఐచ్ఛికానికి పిల్లలు చేరతారా అన్నది తర్వాత సంగతి. ఇంటర్వ్యూలో నమూనా పాఠం చెప్పమంటారు కదా, ఆ పది నిమిషాలకూ ఆమె ఏ పాఠం ఎంచుకుందో ముందు కనుక్కోండి.