టీచర్ వారానికోసారి పంపే లెటర్, హోంవర్క్... మీ ఇంట్లో ఎలా చేయిస్తున్నారు?

రెండో క్లాస్ అమ్మ:
అందరికీ నమస్తే అండీ. మా పాప రెండో క్లాస్. పోయినేడాది వరకు ఏ రోజు హోంవర్క్ ఆ రోజు డైరీలో రాసి పంపేవాళ్ళు, ఈసారి కొత్త టీచర్ గారు సోమవారం ఒక లెటర్ పంపుతున్నారు, వారానికి సరిపడా అంతా అందులోనే ఉంటుంది. పైన క్లాసులో ఏం జరుగుతోందో కబుర్లు, కింద 10 స్పెల్లింగ్ వర్డ్స్, రెండు మ్యాథ్స్ షీట్లు, రోజూ 20 నిమిషాలు చదివినట్టు రీడింగ్ లాగ్‌లో మన సంతకం, మొత్తం ఫోల్డర్‌లో పెట్టి శుక్రవారం పంపేయాలి. పద్ధతి నాకు నచ్చింది, ఒకరోజు కుదరకపోతే ఇంకోరోజు చేసుకోవచ్చు కదా అని. తీరా చూస్తే గురువారం రాత్రికి అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి, పిల్లకి ఓపక్క నిద్ర, ఓపక్క ఏడుపు. మీరు వారమంతా ఎలా సర్దుతున్నారు? ఇంకోటి, లెక్కల్లో తప్పులుంటే మనం దిద్దించి పంపాలా, ఉన్నది ఉన్నట్టు పంపాలా?

ఇద్దరు పిల్లల నాన్న:
మా ఇంట్లో మూడో క్లాస్ ఒకరు, ఐదో క్లాస్ ఒకరు, రెండు లెటర్లు వస్తాయి. మేం చేసేది ఏంటంటే లెటర్ రాగానే ముందు తేదీలు ఎక్కడున్నాయో వెతుకుతాం, ఏ రోజు ఏం పట్టుకెళ్ళాలి, దేని మీద సంతకం పెట్టాలి, ప్రాజెక్ట్ ఎప్పటికి ఇవ్వాలి, ఇవి మటుకు మార్కర్‌తో గీసి లెటర్‌ని ఫ్రిజ్ మీద అంటించేస్తాం. ఆ గీతలు పిల్లలే గీస్తారు, మేం కాదు. అది చాలా ముఖ్యం అండీ, ఎందుకంటే లెటర్ మన ఫోన్‌లోనే ఉండిపోతే అది మన హోంవర్క్ అయిపోతుంది, గుర్తు చేయడమూ మన పనే, అరవడమూ మన పనే. ప్రింట్ తీయడం కుదరకపోతే తెల్లకాగితం మీద వాళ్ళ చేతే రాయించండి.

స్పెల్లింగ్‌కి ఒక మాట. ఒక్కో వర్డ్ పదేసి సార్లు రాయించకండి. మా చిన్నోడు ఏం చేసేవాడంటే మొదటి అక్షరం పైనుంచి కిందదాకా పదిసార్లు రాసేవాడు, తర్వాత పక్కన రెండో అక్షరం పదిసార్లు, అలా పేజీ నిండిపోయేది కానీ వర్డ్ మాత్రం ఒక్కసారి కూడా వాడి బుర్రలోకి వెళ్ళలేదు. ఇప్పుడు వర్డ్ చూడటం, చేత్తో మూసేయడం, చూడకుండా రాయడం, చేయి తీసి సరిచూసుకోవడం. రోజుకి మూడు నాలుగు వర్డ్స్, ముందురోజువి కూడా ఒకసారి అడుగుతాం, ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రైమరీ టీచర్‌ని:
నేను ఇలాంటి లెటర్ రాసే మనిషినే కాబట్టి అటువైపు నుంచి చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఏమనుకోకండి.

మొదట తప్పుల సంగతి. దయచేసి దిద్దించి పంపకండి అమ్మా. ఉదాహరణకి 52 లోంచి 27 తీసేయమంటే పిల్ల 35 అని రాసిందనుకోండి. అది పరధ్యానంగా చేసిన తప్పు కాదు, 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసింది, 5 వేసింది. ఆ 35 చూడగానే నాకు పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తెలిసిపోతుంది, మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని పది పుల్లల కట్ట ఒకటి విప్పి చూపిస్తాను. మీరు దిద్దించి 25 అని పంపితే ఈ పిల్లకి వచ్చేసింది అనుకుని నేను ముందుకెళ్ళిపోతాను. మీకు చెప్పాలనిపిస్తే షీట్ పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాయండి, ఇక్కడ ఇబ్బంది పడింది అని, ఆ ఒక్క ముక్క నాకు ఎంత సాయమో!

అలాగే మీరు నేర్చుకున్న పద్ధతి, మేం ఇప్పుడు చెప్పేది వేరుగా ఉండొచ్చు. ఇదే లెక్క మేం నంబర్ లైన్ మీద 27 నుంచి 3 వేస్తే 30, ఇంకో 20 వేస్తే 50, ఇంకో 2 వేస్తే 52, మొత్తం 25 అని చేయిస్తాం. మీ పద్ధతీ కరెక్టే, కానీ రెండూ ఒకే వారంలో చెప్తే పిల్ల తికమక పడుతుంది. క్లాసులో ఎలా చేశావో నాకు చెప్పు అని పిల్లనే అడగండి.

ఇక టైం. క్లాసు నంబర్‌ని పదితో గుణించండి, రెండో క్లాస్‌కి రోజుకి 20 నిమిషాలు, చాలామంది టీచర్లం పాటించే లెక్క ఇదే. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హారిస్ కూపర్, తోటివాళ్ళతో కలిసి హోంవర్క్ మీద అక్కడ వచ్చిన చాలా స్టడీలు పరిశీలించి 2006లో ఒక రివ్యూ వేశారు, హోంవర్క్‌కీ మార్కులకీ పెద్ద క్లాసుల్లో ఉన్నంత సంబంధం చిన్న క్లాసుల్లో కనిపించలేదు. అందుకే చెప్తున్నా, టైం దాటిపోతే అక్కడితో ఆపేయండి, ఇక్కడిదాకా చేసింది అని రాసి పంపేయండి. అదే పని నాలుగు రోజులకి పంచితే మాత్రం నిజంగా తేడా ఉంటుంది, ఒకేసారి బట్టీ కొట్టినదానికంటే రోజులు గడిచేకొద్దీ తిరిగి తిరిగి చూసింది ఎక్కువ నిలుస్తుందని జర్మన్ సైకాలజిస్ట్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తనే పరీక్షలు చేసుకుని రాశాడు.

ఇంకోటి, పైన ఉండే ఆ కబుర్లని అందరూ దాటేస్తారు, నేను ఎక్కువసేపు కూర్చుని రాసేది అదే. స్కూల్లో ఏం చేశావ్ అంటే పిల్లలు ఏం లేదు అంటారు. తడిదూదిలో చిక్కుడు గింజలు పెట్టాం అని నేను రాస్తే, నీ గింజలోంచి ముందు వేరు వచ్చిందా ఆకు వచ్చిందా అని అడిగి చూడండి, ఇక ఆపడం మీ వల్ల కాదు :)

ఒకటో క్లాస్ బాబు మమ్మీ:
టీచర్ గారు చెప్పినవన్నీ బాగున్నాయి కానీ నాకు ఈ వారం లెటర్ పద్ధతి చిన్న క్లాసులకి సరిపోదనే అనిపిస్తోంది. ఆరేళ్ళ పిల్లాడికి సోమవారం నాడు శుక్రవారం అంటే ఏం తెలుస్తుందండీ, ప్లానింగ్ అంతా తల్లిదండ్రులదే అవుతుంది. తీరిక ఉన్నవాళ్ళ పిల్లలది ఫోల్డర్ నీట్‌గా వెళ్తుంది, లేనివాళ్ళది ఖాళీగా వెళ్తుంది. రోజువారీ డైరీయే నయం.

ప్రైమరీ టీచర్‌ని:
మీరన్నదాంట్లో నిజం ఉంది, ఒకటో క్లాస్ వాళ్ళకి నేనూ లెటర్‌తో పాటు రోజుకో చిన్న చీటీ ఇస్తాను. మీ టీచర్‌ని అడగండి, ఇందులో ఏది తప్పనిసరి, ఏది వీలైతే చేసేది అని విడిగా రాయమని. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

రెండో క్లాస్ అమ్మ:
చాలా థాంక్స్ అండీ అందరికీ. ఈ వారం లెటర్ పాప చేతికే మార్కర్ ఇచ్చి గీయిస్తాను, షీట్లు మంగళవారం ఒకటి బుధవారం ఒకటి అనుకుంటున్నాం. ఒక్క డౌట్ మిగిలింది. నాకు షిఫ్ట్ ఉన్న రోజు రాత్రి వాళ్ళ నానమ్మ కథ చదివి వినిపిస్తారు, పాప తనంతట తను చదవదు. రీడింగ్ లాగ్‌లో అది రాయొచ్చా? అసలు చదవని రోజు ఏం చేయాలి?

ప్రైమరీ టీచర్‌ని:
నా క్లాసులో అయితే నిస్సంకోచంగా రాయమంటాను, వినడం వల్ల కూడా మాటలు వస్తాయి. నానమ్మ చదివారు అని రాసి ఆవిడ చేతే సంతకం పెట్టించండి. కొందరు టీచర్లు సొంతంగా చదివిందే లెక్కేస్తారు, మీ టీచర్‌కి ఒక మెసేజ్ పెట్టి కనుక్కోండి. చదవని రోజు గడి ఖాళీగా వదిలేయండి. శుక్రవారం పొద్దున ఒకే పెన్నుతో అన్ని రోజులకీ కలిపి పెట్టిన సంతకాలు మాకు ఇట్టే తెలిసిపోతాయి, వాటివల్ల పిల్ల చదువు గురించి మాకేం తెలీదు, ఖాళీ గడి అయితే కనీసం అడుగుతాం.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇది నాకూ పనికొచ్చింది మేడం. కామిక్స్ చదివినా లాగ్‌లో రాయొచ్చా? మా పెద్దమ్మాయి అవి తప్ప ఇంకేం ముట్టడంలేదు.

ప్రైమరీ టీచర్‌ని:
రాయండి సార్. పేరు, ఎన్ని పేజీలు అన్నది కూడా అమ్మాయినే రాయమనండి.