అమ్మతో బదరీనాథ్ వెళ్తూ పూలలోయ కూడా చూడొచ్చా? ఆగస్టులో

తెనాలి_పిల్ల:

అందరికీ నమస్కారం. ఆగస్టు రెండో వారంలో అమ్మని బదరీనాథ్ తీసుకెళ్తున్నాను. ఇద్దరమే. అమ్మకి 61. రోజూ ఒక బీపీ మాత్ర, షుగర్ లేదు. కుడి మోకాలు వానాకాలంలో కాస్త మొరాయిస్తుంది. అయినా మొన్న ఫిబ్రవరిలో అలిపిరి మెట్లన్నీ ఎక్కేసింది. నాలుగున్నర గంటలు పట్టింది, అందులో మొక్కజొన్న పొత్తుల కోసం రెండుసార్లు ఆగింది (ఆ టైము లెక్కలోకి రాదట).

బదరీనాథ్ ఇంకా 25 కిలోమీటర్లుందనగా గోవింద్‌ఘాట్ దగ్గర పూలలోయకి (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) దారి చీలుతుందని తెలిసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అంత దూరం వెళ్ళి చూడకుండా వచ్చేయాలా? అమ్మతో అంటే, "పూలు చూడ్డానికి కొండెక్కడమెందుకే, కడియం నర్సరీలకి పోతే సరిపోదూ" అంది. కానీ రమ్మంటే వస్తుంది, నాకు తెలుసు.

అమ్మ నడవగలదా అన్నది మొదటి అనుమానం. గైడ్‌ని పెట్టుకోవాలా అన్నది రెండోది. నాకు దొరికిన ప్లానులో ఘాంఘరియాలో (లోయకి ముందు బస చేసే ఊరు) రెండు రాత్రులు, ఒక పూట లోయ, మర్నాడు హేమకుండ్ సాహిబ్ (కొండ మీది సిక్కుల గురుద్వారా) అని ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

రైలుబండి_రమణ:

ఆగస్టులో వద్దండీ. మేం నిరుడు అదే నెలలో వెళ్ళి పీపల్‌కోటి దాటాక కొండచరియ విరిగిపడి ఒక పగలూ సగం రాత్రీ బస్సులోనే ఉన్నాం. ఆ దారిలో ఒక చోటు పేరే పాగల్ నాలా. పిచ్చి వాగన్నమాట, పేరు ఊరికే రాలేదు. సెప్టెంబరు ఆఖర్లో వెళ్ళండి, ఆకాశం కడిగినట్టుంటుంది.

విజయనగరం_మాస్టారు:

అమ్మా, రమణగారు రోడ్డు గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ సెప్టెంబరు ఆఖరికి మీకు ఆకాశమే మిగులుతుంది. అప్పటికి లోయ పసుపెక్కి గింజ పట్టి ఉంటుంది. జూన్ 1న గేటు తీసి అక్టోబరు 31న మూస్తారు గానీ అసలు పూత జులై మధ్య నుంచి ఆగస్టు చివరిదాకానే. ఆ పూలకి ఆ వానే కావాలి, ఏం చేస్తాం. మీ తేదీలు మంచివే. రోడ్డు ఖాతాలో రెండు రోజులు అదనంగా రాసుకోండి, తిరుగు టికెట్టు మరీ బిగించి పెట్టుకోకండి.

నేను ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. ఏటా పిల్లల్ని అనంతగిరి, అరకు తిప్పేవాణ్ణి. రిటైరయ్యాక పూలలోయకి ఒకసారి ఒక్కణ్ణీ వెళ్ళాను, మరుసటేడు మా ఆవిడతో వెళ్ళాను. ఆవిడకి అప్పుడు 59, మోకాళ్ళు రెండూ అంతంత మాత్రం. అందుకని మీ ప్రశ్న ఒకప్పటి నా ప్రశ్నే.

నడక సంగతి. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా దాకా 4 కిలోమీటర్లు జీపులున్నాయి. అక్కణ్ణించి ఘాంఘరియా 9, 10 కిలోమీటర్లు. పొడవులో అలిపిరి దారికి అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కాల్సింది మాత్రం దాదాపు 1000 మీటర్లు, చేరేది 3050 మీటర్ల ఎత్తుకి. అలిపిరి నాలుగున్నర గంటల్లో ఎక్కినావిడకి ఇది ఆరేడు గంటలు అనుకోండి. అందుకే పుల్నాలో పొద్దున్నే బయల్దేరాలి. దారి బాగానే ఉంటుంది, రాళ్ళు పరిచారు. ఆ రాళ్ళ మీద వాన, వాన మీద కంచరగాడిదల పేడ. (అందరూ గుర్రాలనే అంటారు, నేనూ అలాగే అంటాను.) గుర్రం ఎదురొస్తే అమ్మ కొండవైపు ఒదిగి నిలబడాలి, ఏటి వైపు కాదు. సామాను మూట తగిలితే మనిషి ఎటు తూలుతుందో ఆలోచించండి. ఇది ఆవిడకి పదిసార్లు చెప్పండి, విసుక్కున్నా సరే.

మేం చేసిన తప్పు ఒకటుంది. ఎక్కేటప్పుడు కష్టమని మా ఆవిణ్ణి గుర్రమెక్కించాను, దిగుడే కదా అని తిరుగుదారంతా నడిపించాను. మోకాలికి గండం దిగుడులోనే ఉందని అప్పటికి నాకు తెలీదు. చివరి రెండు కిలోమీటర్లు ఆవిడ వెనక్కి తిరిగి దిగింది, నిచ్చెన దిగినట్టు. అమ్మ ఎక్కగలిగితే నడిచే ఎక్కనివ్వండి, ఎత్తుకి ఒళ్ళు మెల్లగా అలవాటవుతుంది. దిగేటప్పుడు చేతుల్లో రెండు కర్రలుండాలి, వీపున ఏమీ ఉండకూడదు. మూట గుర్రం మీద పంపించేయండి.

ఇక లోయలోకి గుర్రాల్ని రానివ్వరు. నడవలేనివాళ్ళని బుట్టలో కూర్చోబెట్టుకుని వీపున మోసే మనుషులుంటారు, ఆ బుట్టని కండీ అంటారు. ఘాంఘరియా దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి లోయ, నేరుగా పైకి హేమకుండ్. గేటు పొద్దున 7కి తీస్తారు, మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరు, సాయంత్రం 5 లోపు అందరూ బయటికి రావాలి. లోపల రాత్రి ఉండనివ్వరు, అంగళ్ళూ ఉండవు. తిండీ నీళ్ళూ మనమే మోసుకెళ్ళాలి. గేటు దాటాక పుష్పావతి నది మీద వంతెన, ఆ తర్వాత గంటన్నర నిట్రమైన ఎక్కుడు. కష్టమంతా అక్కడే ఉంది. అది అయ్యాక లోయ విప్పుకుంటుంది, నేల దాదాపు సమంగా వస్తుంది.

ఆ ఎక్కుడులో ఆయాసం వచ్చినప్పుడు నిలబడి పక్కనున్న చెట్ల బెరడు చూడండి. పొరలు పొరలుగా లేచి, పాత పుస్తకం కాగితాల్లా వేలాడుతుంటుంది. అదే భూర్జపత్రం. మనం తాటాకు మీద గంటంతో గీసుకున్నాం, ఉత్తరాదివాళ్ళు దీని మీద సిరాతో రాసుకున్నారు. పీకకండి. ఇప్పటికే జనం చేతికందిన మేర ఒలిచేశారు.

గైడ్ గురించి. దారి కోసమైతే అక్కర్లేదు, ఉన్నది ఒకటే దారి, తప్పిపోవాలన్నా కుదరదు. పూల కోసమైతే తప్పకుండా కావాలి. నేను బోటనీ మాస్టార్ని కదా, మొదటిసారి జేబులో భూతద్దం, చంకలో పుస్తకం పెట్టుకుని గైడేమిటి నాకు అనుకుంటూ వెళ్ళాను. రెండోసారి మా ఆవిడ పోరుతో భ్యూందార్ ఊరి కుర్రాణ్ణి ఒకణ్ణి తీసుకున్నాం. గేటు దాటి పావుగంట కాలేదు, నా చెయ్యి పట్టి ఆపి "సాంప్" అన్నాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను. వాడు నవ్వుతూ కూర్చుని ఆకులు పక్కకి తప్పించాడు. పడగ విప్పిన నాగుపాములా, చారల చారల గొట్టం, పైన ముందుకి వంగిన మూత, మూత కొసన నాలుకలాంటి తోక. కోబ్రా లిల్లీ. మన కంద కుటుంబమే అది. ముందటేడు అదే మలుపులో కూర్చుని నేను బిస్కెట్లు తిన్నాను.

వాడి దగ్గర నేర్చుకున్నది ఇంకా ఉంది. మోకాలెత్తున తెల్లటి పూతతో పొదలుపొదలుగా ఒక మొక్క కనిపిస్తుంది, పోలిగోనమ్ జాతి. అందరూ దాని ముందే ఫోటోలు దిగుతారు. అటవీ శాఖవాళ్ళు ఏటా దాన్ని పీకించే పనిలో ఉంటారు, మిగతా మొక్కల్ని తొక్కేస్తుందని. 1982లో దీన్ని జాతీయ పార్కు చేశాక గొర్రెల మేత ఆపేశారు. మేత ఆగబట్టే ఇది పెరిగిందని ఊరివాళ్ళ వాదన, కాదని ఇంకొందరి వాదన. నేను తీర్పు చెప్పలేను గానీ మా కుర్రాడి తాతలు అక్కడే గొర్రెల్ని మేపినవాళ్ళు. వాడు చెప్తుంటే కాదనబుద్ధి కాలేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ లోయలో "పాయింట్" అనేది లేదు. జలపాతం దగ్గర ఆగినట్టో, గుడి దగ్గర దండం పెట్టినట్టో ఒక చోటుండదు. ఎంతోమంది లోయ నడుమ నిలబడి "వ్యాలీ ఇంకా ఎంత దూరం" అని మమ్మల్ని అడిగారు. కాబట్టి దూరం లెక్క పెట్టుకోకండి, టైము లెక్క పెట్టుకోండి. 12.30కి ఎక్కడుంటే అక్కడ కూర్చుని తినేసి, 1.30కి వెనక్కి తిరగండి. మా ఆవిడ నదీ తీరం దాకా రాలేదు, జోన్ లెగ్ సమాధి దగ్గరికీ రాలేదు. (పూల నమూనాలు సేకరించడానికొచ్చి 1939లో ఇక్కడే కాలుజారి పోయిన ఆంగ్లేయురాలు ఆవిడ.) లోయ విప్పుకున్న చోటే బండ మీద కూర్చుండిపోయింది. పక్కన గులాబీ రంగు బాల్సమ్ పొద ఉంది, మన పెరట్లో కాశీతుమ్మ అంటామే, దాని హిమాలయపు అక్క. పండిన కాయని వేలితో తాకితే టప్పున పగిలి, తొక్క చుట్టలు చుట్టుకుని గింజలు మొహానికి తగుల్తాయి. నేను సమాధి చూసి రెండు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి ఈవిడా ఆ కుర్రాడూ ఎవరి గింజ ఎక్కువ దూరం పడుతుందో పందెం వేసుకుంటున్నారు.

మీ ప్లానులో లోయకి ఒక పూట అన్నారు. రెండు రోజులివ్వండి. ఘాంఘరియాలో మూడు రాత్రులు. ఒక రోజు వాన పట్టుకున్నా రెండోది మిగులుతుంది.

సుధ_కరీంనగర్:

సార్ చెప్పింది పక్కా. మేం పోయినేడు ఒక ట్రావెల్స్ ప్యాకేజీల పోయినం, పేరు చెప్ప. కాగితం మీద "వ్యాలీ ఫుల్ డే" అని ఉండె. పొద్దుగాల టిఫిన్ దగ్గర్నే తొమ్మిదిన్నర చేసిండ్రు. ఎక్కేసరికి పన్నెండు దాటింది, అరగంట కాలే, "పదండి పదండి, గేటు మూస్తరు" అని విజిల్. మా అత్తమ్మ ఫోన్ల పూలు లేవు, ముందర పోయేటోళ్ళ రెయిన్‌కోట్లే ఉన్నయ్. సొంతంగ పోండి. పైసలు నోట్లే పట్టుకపోండి, పైన ఏటీఎంని నమ్ముకోవద్దు. తిండికి రంది లేదు, గురుద్వారాల లంగర్ (ఫ్రీ భోజనం) ఉంటది, వేడి వేడి రొట్టె, పప్పు. మా అత్తమ్మ మామిడికాయ తొక్కు డబ్బా తీస్తే పక్కకు కూసున్న సర్దార్జీ గూడ చెయ్యి సాపిండు.

తెనాలి_పిల్ల:

మాస్టారూ, మూడు రాత్రులకి మార్చేశాను. సుధగారూ, తొక్కు ప్యాక్ లిస్టులో రాసేశాను, మాది మాగాయ.

ఇంకో రెండు సందేహాలు. హేమకుండ్ కూడా కలుపుకోవచ్చా? అక్కడ బ్రహ్మకమలాలు పూస్తాయట కదా. మా బాల్కనీలో నిరుడు బ్రహ్మకమలం పూస్తే అమ్మ అర్ధరాత్రి మమ్మల్నందర్నీ లేపి హారతిచ్చింది, వారం రోజులు అదే వాట్సాప్ స్టేటస్. కొండ మీద అసలుదాన్ని చూస్తుందని ఆశ. అలాగే ఎత్తు పడక వచ్చే ఇబ్బందికి వేసుకునే మాత్ర బీపీ ఉన్నవాళ్ళు వేసుకోవచ్చా?

విజయనగరం_మాస్టారు:

మాత్ర సంగతి నన్నడక్కండి, అమ్మకి రోజూ చూసే డాక్టరుగారినే అడగండి, బీపీ మాత్ర పేరు చెప్పి మరీ. నేను చెప్పగలిగింది ఒకటే. తలనొప్పితో పాటు వాంతులొచ్చినా, నడకలో తూలినా ఆ రోజు పైకి కాదు, కిందికి వెళ్ళాలి. పడుకుంటే తగ్గుతుందిలే అనుకోవద్దు.

హేమకుండ్ 4 వేల మీటర్లు దాటిన చోటు. ఘాంఘరియా నుంచి 6 కిలోమీటర్లే గానీ ఒకటే ఎక్కుడు. అక్కడికి గుర్రాలు వెళ్తాయి. సరస్సు ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి. రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నమే కిందికి పంపించేస్తారు. లోయ రెండు రోజులూ చూశాక, అమ్మ ఒళ్ళు బాగుండి, ఆకాశం బాగుంటే చివర్న ఇంకో రాత్రి కలుపుకుని పెట్టుకోండి. ముందు మాత్రం వద్దు. బదరీనాథ్‌కీ హేమకుండ్‌కీ ఉత్తరాఖండ్ వాళ్ళ యాత్రా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇంటి దగ్గరే చేసుకోండి.

బ్రహ్మకమలం విషయంలో మాత్రం అమ్మకి కాస్త మెల్లిగా చెప్పండి. మన బాల్కనీల్లో రాత్రి పూసేది మెక్సికో వైపు నుంచి వచ్చిన మొక్క, కాక్టస్ జాతి. అంటే చేలగట్ల మీది నాగజెముడుకి చుట్టం. కొండమీది బ్రహ్మకమలం చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలోది. లేత పసుపు తెలుపు రేకులనిపించేవి నిజానికి రేకులు కావు, వెన్నకాగితం లాంటి ఆకులు. లోపల ఊదారంగు పూలగుత్తి చలికి వణక్కుండా కప్పుకున్న దుప్పటి అది. హేమకుండ్ దారి పైభాగంలో రాళ్ళ మధ్య ఉంటాయి. కోయకూడదు, చూడ్డమే.

తెనాలి_పిల్ల:

మొత్తం చదివి వినిపించాను. అమ్మ జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "ఆ మాస్టారుగారికి చెప్పు, అది నాగజెముడు చుట్టమే కావచ్చు, హారతైతే ఇచ్చేశాను, ఇప్పుడు వెనక్కి తీసుకోలేను కదా."

నిన్నటి నుంచి లిఫ్టు మానేసి నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కుతోంది. నాన్నగారి పాత చేతికర్ర తీసుకొస్తానంటోంది. పనికొస్తుందా?

విజయనగరం_మాస్టారు:

కింద రబ్బరు తొడుగుందో లేదో చూడండి. లేకపోతే తడిరాయి మీద సర్రున జారుతుంది. చెప్పుల షాపులో కాదు, మందుల షాపులో అడగండి, దొరుకుతుంది. అరిగితే మార్చడానికి ఇంకోటి కూడా తీసుకోండి.