తవుడు మీద బూజు పెంచి జీఏ తీయడం: రైతు సంఘాలు చేపట్టవచ్చా?

మానేరు_రైతు: మాది కరీంనగర్ వైపు. హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తాం. ఆడ వరుసల్లో కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, కంకిని బయటికి సాగదీసే జిబ్బరెల్లిక్ యాసిడ్ (జీఏ) కొట్టాల్సిందే. ఆ జీఏ ఫుజేరియం అనే బూజు నుంచే వస్తుంది. గోధుమ పొట్టు మీద దాన్ని పెంచి జీఏ తీయవచ్చని మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు 1980ల్లోనే చూపించారు. మిల్లుల్లో తవుడు ఉంది. సంఘంగా మనమే ఎందుకు చేసుకోకూడదు?

కిణ్వశాల: వరి నారు పాలిపోయి, సన్నగా సాగి చచ్చే బకానే తెగులు తెచ్చేది ఆ బూజే. 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త తైవాన్‌లో దాన్ని పెంచిన ద్రవాన్ని వడకట్టి నారుకు పోస్తే, బూజు లేకుండానే నారు అలా సాగింది. జీఏ కథ అక్కడే మొదలైంది. అలాంటి బూజును వరి పొలాల మధ్య ట్రేల్లో పెంచుతారా?

తెల్లగేదె: తవుడు వ్యర్థం అని ఎవరన్నారు? మా గేదెలు తినేది అదే. నూనె మిల్లులూ కొంటాయి.

మానేరు_రైతు: తవుడు వద్దంటే మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) మీద పెంచుదాం.

తెల్లగేదె: అది ఇథనాల్‌కు పోతోంది. ముందు వ్యర్థం ఏదో చెప్పండి.

మానేరు_రైతు: బూజు పొలాల్లోకి పోతుందనే భయమా? జీఏ తీశాక మిగిలిన ముద్దను ఆవిరిలో ఉడికిస్తే బూజు చస్తుంది కదా.

కిణ్వశాల: బూజు చస్తుంది. కానీ ఈ జాతిలో కొన్ని రకాలు ఫ్యుమోనిసిన్ అనే విషం కూడా చేస్తాయి, అది వేడికి అంత తేలిగ్గా పోదు. ఇంకో సంగతి, నత్రజని అయిపోవస్తేనే బూజు జీఏ చేయడం మొదలుపెడుతుంది. అన్ని మిల్లుల తవుడూ ఒకేలా ఉండదు, కాబట్టి ఒక బ్యాచ్‌లో వచ్చినంత ఇంకో బ్యాచ్‌లో రాదు. ఎంత ఉందో తెలియని మందు ఎకరానికి ఎంతని కొడతారు?

మానేరు_రైతు: కొన్న మందులో ఎంత ఉందో మాకు తెలుసా? రెండేళ్ల కింద కంపెనీ ఇచ్చిన ప్యాకెట్ కొట్టాను. కంకులు సగం పొట్టలోనే ఇరుక్కున్నాయి. నేనే సరిగ్గా కొట్టలేదన్నారు. మందు డబ్బు మాత్రం బిల్లులో కోసుకున్నారు. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్లకు ఆ బాధ తెలియదు.

కిణ్వశాల: మా నాన్నదీ రెండెకరాల వరే, ఆ మాట అనకండి అన్నా. మీ కోపం ధర మీద కాదు, మందు పనిచేయకపోతే జవాబు చెప్పేవాళ్లు లేరనే అని ఇప్పుడు అర్థమైంది. నా భయం కూడా అదే. రేపు మీ సంఘం మందుతో పక్క రైతు కంకి ఇరుక్కుంటే అతను ఎవరిని అడగాలి? జీఏ 1968 పురుగుమందుల చట్టం కిందకు వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. 2021లో తెచ్చిన బయోస్టిములెంట్ (మొక్క ఎదుగుదలకు ఊతమిచ్చే పదార్థాల) నిబంధనల్లోనూ దానికి చోటు లేదు.

మానేరు_రైతు: అయితే తయారీ సంగతి తర్వాత. కొన్న ప్యాకెట్‌ను పరీక్ష చేయించుకునే దారి చెప్పండి.

కిణ్వశాల: హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే) యంత్రం ఉన్న ల్యాబ్‌లో జీఏ ఎంతుందో తేలుతుంది. కానీ సీల్ విప్పని ప్యాకెట్ కావాలి, బ్యాచ్ నంబరు కనిపించాలి, లేకపోతే కంపెనీ ఒప్పుకోదు.

జమ్మికుంట_సాగు: ఈ సీజన్‌వి రెండు నా దగ్గర సీల్‌తో ఉన్నాయి. ఒకటి ఇస్తాను.