మార్గరెట్ పోల్ చేసిన నేరం ఆమె పుట్టుకేనా?

చరిత్ర విద్యార్థి:
సాలిస్‌బరీ కౌంటెస్ మార్గరెట్ పోల్‌కు 1541 మే 27న లండన్ టవర్‌లో తల నరికేనాటికి 67 ఏళ్లు. ఆమె తండ్రి క్లారెన్స్ డ్యూక్ జార్జ్‌ను 1478లో సొంత అన్న నాలుగవ ఎడ్వర్డే చంపించాడు; ఆమె తమ్ముడు వార్విక్ ఎర్ల్‌ను 1499లో ఏడవ హెన్రీ చంపించాడు. ట్యూడర్లకు ముందు ఇంగ్లండ్‌ను ఏలిన ప్లాంటాజెనెట్ వంశంలో పుట్టడమే ఆమె నేరమని నేను అనుకుంటున్నాను. కాదనేవారు ఉంటే కారణం చెప్పండి.

సందేహి:
నేను కాదంటాను. ఆమె ఎవరి కూతురో, ఆమెను చంపించిన రాజు ఎనిమిదవ హెన్రీకి కొత్తగా తెలిసిన సంగతి కాదు. అయినా 1512లో ఆమెకు సాలిస్‌బరీ ఎస్టేటును, బిరుదును తిరిగి ఇచ్చాడు. తరువాత తన కూతురు మేరీనే ఆమె సంరక్షణలో ఉంచాడు. కథ తిరగబడింది 1536లో. రాజు సొమ్ముతో చదువుకున్న ఆమె కొడుకు రెజినాల్డ్, చర్చికి రాజు అధిపతి కావడాన్ని ఖండిస్తూ ఇటలీ నుంచి లాటిన్‌లో పెద్ద గ్రంథమే రాసి పంపాడు, ఆ ఏడాది చివర పోప్ తరువాతి స్థాయి మతాధికారి, అంటే కార్డినల్ కూడా అయ్యాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, చేతికి చిక్కని కొడుకు మీది కోపం తల్లి మీద తీరింది.

చరిత్ర విద్యార్థి:
అలాగైతే పెద్ద కొడుకు మాంటేగ్యూకు మరణశిక్ష పడ్డాక, అతని పిల్లవాడిని టవర్‌లో ఎందుకు ఉంచారు? ఆ పిల్లవాడు బయటికి వచ్చిన దాఖలా లేదు. అతను ఏ గ్రంథం రాశాడు?

సందేహి:
మంచి ప్రశ్నే. కానీ అదే రక్తం పంచుకున్న మరో కొడుకు జెఫ్రీకి క్షమాభిక్ష దొరికింది. అన్నకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పి సంపాదించుకున్న క్షమాభిక్ష అది.

పాత పాఠకుడు:
ఇద్దరూ కారణం దగ్గరే ఆగారు, సమయాన్ని చూడలేదు. 1538 నవంబరులో సౌతాంప్టన్ ఎర్ల్ ఆమెను రోజుల తరబడి ప్రశ్నించినా నేరం ఒప్పించలేకపోయాడు. ఆమె గట్టి మగవాడిలా నిలబడిందన్న అర్థంలో రాసుకున్నాడు కూడా. ఆరు నెలలు గడిచాక రాజు మంత్రి క్రామ్‌వెల్ పార్లమెంటులో ఒక అంగీని చూపించి, అది ఆమె పెట్టెలో దొరికిందన్నాడు. దాని మీద రాజచిహ్నాలతో పాటు, 1536 నాటి ఉత్తరాది తిరుగుబాటుదారులు జెండాగా పట్టిన క్రీస్తు పంచగాయాల గుర్తు ఉంది. (అన్నాళ్లూ ఆ అంగీ ఎక్కడుందో!) విచారణ జరపకుండానే, పార్లమెంటే నేరుగా దోషిగా ప్రకటించే అటెయిండర్ చట్టంతో ఆమెను దోషిగా తేల్చారు. అయినా వెంటనే చంపలేదు. 1541 మార్చిలో రాణి కేథరిన్ హోవార్డ్ దర్జీ చేత ఆమెకు బొచ్చు అంచు గౌను కుట్టించి, బూట్లతో సహా టవర్‌కు పంపించారు. చంపదలచుకున్న మనిషికి చలిబట్టలు ఎవరైనా కుట్టిస్తారా? ఆ వసంతంలోనే ఉత్తరాదిలోని యార్క్‌షైర్‌లో రాజు మీద మరో కుట్ర బయటపడింది, రాజు ఉత్తరాదికి ప్రయాణమవబోతున్నాడు. పుట్టుక ఆమెను అనుమానితురాలిని చేసింది, రెజినాల్డ్ రాత టవర్‌కు చేర్చింది. గౌను పంపిన రెండు నెలలకే కత్తి దించినది మాత్రం యార్క్‌షైర్ భయమే.