ఒకే రకం తోటా, కలిపి వేసిన తోటా: కరువులో ఏది నిలబడుతుంది?

మెట్టసాగు:
మాది ప్రకాశం జిల్లా మెట్ట. నాలుగెకరాల జామాయిల్. వానలు మొహం చాటేసిన ఏడాది, మూడో ఏట ఉన్న చెట్లు తలల నుంచి కిందికి ఎండుతూ వచ్చాయి. అదే పొలం గట్టు మీద ఎవరూ నీళ్లు పోయని వేప, కానుగ పచ్చగా నిలబడ్డాయి. ఈసారి మోళ్లు పీకించి రెండు మూడు రకాలు కలిపి వేద్దామని నా ఆలోచన. మా అన్న ససేమిరా అంటున్నాడు. "ఉన్న తేమ ఒకదానికే చాలట్లా, ఇంకోదాన్ని పక్కన పెడితే ఏం మిగులుద్ది?" అని ఆయన వాదన. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కలపలెక్క:
మీ అన్న మాట కొట్టిపారేయకండి. నేను పదిహేనేళ్లుగా తోటలు కొట్టించి మిల్లుకు తోలుతున్నా. ఒకే రకం, ఒకే వయసు అయితే కూలీల ముఠా చకచకా తేల్చేస్తుంది. కలిపిన తోటలో ఒకటి నాలుగేళ్లకు కోతకొస్తే ఇంకోటి పదిహేనేళ్లయినా రాదు. జామాయిల్ కూలేటప్పుడు పక్క మొక్క విరుగుతుంది. పైగా రకాలు పెరిగితే కరువును తట్టుకుంటాయన్నది అన్నిచోట్లా రుజువు కాలేదు. ఐరోపాలో ఉత్తరాది చలి అడవుల నుంచి మధ్యధరా వైపు దాకా చెట్ల కాండంలో ఏటేటా పడే వలయాలు పరీక్షించి 2014లో వెలువరించిన అధ్యయనంలో కొన్ని రకాల అడవుల్లోనే మేలు కనిపించింది. రైతు నాలుగేళ్ల పెట్టుబడిని దాని మీద పెట్టమనలేను.

వేరుచూపు:
ఆ అధ్యయనం నిజమే. దాన్నుంచి నాకు అర్థమైంది ఏంటంటే, రకాలు ఎన్నున్నాయో లెక్కపెడితే సరిపోదు, ఏ చెట్టు పక్కన ఏ చెట్టు ఉందో చూడాలి. ఏడాది పొడవునా ఆకుతో ఉండి నీళ్లు గట్టిగా లాగే రెండింటిని కలిపితే అన్నగారి భయమే నిజమవుతుంది. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్‌తో, అంటే మన జామాయిల్ జాతితో, గాలిలోని నత్రజనిని పట్టే తుమ్మ జాతి చెట్టును కలిపితే తోట బాగా పెరిగింది, వాడిన నీరూ పెరిగింది. అదే ఆకు రాల్చే ఏగిస లాంటిది పక్కనుంటే, అది మోడుగా ఉన్నన్నాళ్లూ దాని వాటా తేమ భూమిలోనే ఉంటుంది.

మా శ్రీగంధం తోటలో నేను కళ్లారా చూశాను. శ్రీగంధం తన వేళ్లను పక్క చెట్టు వేళ్లకు అతికించి నీళ్లు లాగుతుంది కదా, దానికి తోడుగా కొన్ని వరసల్లో కంది, కొన్నిట్లో సరుగుడు పెట్టాం. ఏప్రిల్లో కంది ఎండగానే ఆ వరసల్లో గంధం ఆకు పసుపెక్కి రాలింది. సరుగుడు పక్కన ఉన్నవి కొంచెం వాడిపోయాయి గానీ ఆకు వదల్లేదు. ఒకే మట్టి, ఒకే ఎండ. ఆ వేసవంతా పొద్దున్నే వెళ్లి ఆ రెండు వరసల మధ్యే నిలబడేవాణ్ణి.

ఇంకోటి పురుగు. 2018 కరువుకు జర్మనీలో హార్జ్ కొండల స్ప్రూస్ చెట్లు నీళ్లందక జిగురు కార్చలేకపోయాయి, బెరడు పురుగు లోపలికి దూరింది. కొండలకు కొండలు అదే చెట్టు కాబట్టి దానికి అడ్డే లేకపోయింది. మన క్లోన్ జామాయిల్ అయితే ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి తీసిన మొక్కలు. ఆకు ఈనెలకు కణుతులు కట్టించే గాల్ పురుగు ఒక మొక్కకు పడితే తోటంతటికీ పడుతుంది.

కలపలెక్క:
పురుగు సంగతి ఒప్పుకుంటా, ఆ కణుతుల తోటలు నేనూ చూశా. వరసకొకటి కాకుండా పట్టీలుగా వేయండి. ఆరు వరసలు జామాయిల్, అదీ రెండు మూడు క్లోన్లు. తర్వాత రెండు వరసలు వేరే చెట్టు. కోతకు అడ్డం రాదు.

మెట్టసాగు:
ఇదంతా అన్నకు చదివి వినిపించా. "రెండెకరాలు నీ ఇష్టం, రెండెకరాలు నా ఇష్టం" అన్నాడు. నా రెండెకరాల్లో పట్టీలే వేస్తా, జామాయిల్ ఎడం కూడా పెంచుతా. వేరుచూపు గారూ, మాది ఎర్ర నేల, అడుగున గరుసు. ఏగిస మొక్కలకు మొదటి వేసవి వారానికి ఎన్నిసార్లు నీళ్లు పోయాలి?