మాయ, మావి, జరాయువు

కాన్పు సమయంలో వినబడే, బిడ్డ తరువాత వెలువడే ‘మాయ’ (ఇంగ్లీషులో ప్లాసెంటా) అన్న మాటకూ వేదాంతంలోని మాయకూ సంబంధం ఉన్నదా అని ఒక మిత్రుడు అడిగారు. సత్యాన్ని కప్పే మాయ పేరే శిశువును కప్పే పొరకు వచ్చిందనే వ్యుత్పత్తి వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, నేను దానిని ఒప్పుకోలేను. సంస్కృత నిఘంటువైన అమరకోశం ‘స్యాన్మాయా శాంబరీ’ అని మాయకు ఇంద్రజాలమనే అర్థం చెప్పి, గర్భానికి సంబంధించిన చోట ‘గర్భాశయో జరాయుః స్యాదుల్బం చ’ అంటూ వేరే మాటలు కూర్చింది. ఆయుర్వేదం ఈ అవయవాన్నే ‘అపర’ అన్నది. తెలుగులో దీనికి ‘మావి’ అనే రూపం కూడా ఉన్నది. సంస్కృత మాయ నుండి మావి పుట్టడానికి దారి కనబడదు గనుక, ఇది మన దేశ్యపదమేననీ, ధ్వని కలవడం వల్లనే రెండూ ఒకటిగా తోస్తున్నాయనీ నా అభిప్రాయం. పొరుగున కన్నడిగులు దీనిని ‘మాసు’ అనడం కూడా గమనించదగినది.

ఇక అర్థం సంగతి. భగవద్గీత మూడవ అధ్యాయం 38వ శ్లోకంలోని ‘యథోల్బేనావృతో గర్భః’ అన్న ఉపమానాన్ని తెలుగులో ‘మావిచేత గర్భము కప్పబడినట్లు’ అని చెప్పడం పరిపాటి. ఉల్బమంటే ఉమ్మనీటిని పట్టి ఉంచే పలుచని పొర కదా, వైద్యులు మాయ అనేది గర్భాశయపు గోడకు అతుక్కుని, బొడ్డుతాడు ద్వారా బిడ్డకు ప్రాణవాయువునూ పోషకాలనూ అందించే, నెలలు నిండేసరికి సుమారు అర కిలో తూగే అవయవాన్ని కదా అని సందేహం రావచ్చు. అయితే మంత్రసాని ‘మాయ పడింది’ అన్నా, పాడి రైతు ‘గేదె ఇంకా మాయ వేయలేదు’ అన్నా, బిడ్డ తరువాత వెలువడే ముద్ద, దానిని అంటుకున్న పొరలు కలిసిన మొత్తాన్నే ఉద్దేశిస్తారు. లాటిన్‌లో ప్లాసెంటా అంటే చదునైన రొట్టె. 16వ శతాబ్దపు ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు రియాల్డో కొలంబో ఆకారాన్ని బట్టి ఆ పేరు వాడాడు. మన మాట పరిధి అంతకంటే విశాలం గనుక, గీతను తెలుగు చేసినవారిని తప్పుపట్టనక్కరలేదు.

పాఠ్యపుస్తకాలు ప్లాసెంటాకు ‘జరాయువు’ను స్థిరపరచాయి. అమరకోశంలో అది గర్భాశయానికే పర్యాయపదమైనా, శాస్త్ర పరిభాషగా దానిని ఉంచుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. కానీ స్కానింగ్ రిపోర్టు చేతపట్టుకుని భయపడుతున్న గర్భిణికి ‘మాయ కిందికి ఉన్నదమ్మా’ అని చెబితేనే వెంటనే అర్థమవుతుంది.