శుక్రవారం రిజిస్ట్రేషన్, ఆదివారం ఫ్లాట్ ఆఖరిసారి చూడాలి. ఏమేం చూసుకోవాలి?

బాచుపల్లి_కొత్తకాపు:
నమస్కారం అండీ. హైదరాబాద్ బాచుపల్లిలో కొత్త అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తులో డబుల్ బెడ్‌రూం తీసుకుంటున్నాం. మా అత్తయ్యగారు శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించేశారు. ఆదివారం వచ్చి చూసుకోండి, తాళాలిస్తా అన్నాడు బిల్డర్. పోయినసారి పూజగది ఎటు తిరిగి ఉందో చూసుకుని, బాల్కనీలో ఫోటోలు దిగి వచ్చేశాం. ఈసారైనా పనికొచ్చేలా చూడాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిజాంపేట_వదిన:
రెండు బకెట్లు పట్టుకెళ్లండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మా బాత్రూం టైల్స్ తళతళలాడుతుంటే చూసి మురిసిపోయాం. దిగాక మొదటి స్నానానికే నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు వైపు వచ్చాయి. వాలు తిరగబడింది! బిల్డర్‌ని అడిగితే "వైపర్ పెట్టుకోండి మేడమ్" అన్నాడు. ఐదేళ్లుగా వైపరే. బాత్రూం, వాష్ ఏరియా, బాల్కనీ మూడింట్లోనూ జాలీకి దూరంగా ఉన్న మూలన నీళ్లు పోసి, ఎటు పోతున్నాయో నిలబడి చూడండి. ఆషాఢంలో ముహూర్తాలు లేకపోయినా వానలుంటాయి, కిటికీల కింద నెమ్ము కనిపెట్టడానికి అంతకన్నా మంచి నెల దొరకదు.

కరెంటు_మావయ్య:
మీటర్ వచ్చిందా? రాకపోతే కనీసం జనరేటర్ వేయించమనండి. చాలామంది ఛార్జర్ పెట్టి, ఫోన్ ఎక్కితే ప్లగ్ బాగున్నట్టే అనుకుంటారు. ఎర్త్ ఉందో లేదో ఛార్జర్ చెప్పదు. మూడు లైట్లుండే సాకెట్ టెస్టర్ ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది, అది ప్రతి ప్లగ్‌లోనూ పెట్టండి. బోర్డులో ఆర్‌సీసీబీకి (షాక్ కొడితే కరెంటు ఆపేసే స్విచ్) చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే టక్కున పడిపోవాలి. పడలేదంటే షాక్ కొట్టినా పడదు, మార్పించాల్సిందే. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడ పాయింట్ ఉందా? మా ఇంట్లో ఫ్రిజ్ ఇప్పటికీ హాల్లోనే ఉంది.

సెకండ్‌హ్యాండ్_రాజు:
మాది కూకట్‌పల్లిలో పాత ఫ్లాట్, ఓనర్ ఉండగానే చూశాం. సోఫా వెనక గోడంతా పెచ్చులూడిందని ఆయన ఖాళీ చేశాకే తెలిసింది. గీజర్లు సరే, కర్టెన్ రాడ్లు కూడా పీక్కుపోయాడు మహానుభావుడు. పాతది కొనేవాళ్లు సామాన్లు పూర్తిగా తీసేశాక ఒకసారి చూడండి. ఏమేం వదిలేసి వెళ్తారో అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

గచ్చిబౌలి_బ్యాచిలర్:
ఇంత టెన్షన్ ఎందుకన్నా? రెరా (రియల్ ఎస్టేట్ చట్టం)లో ఐదేళ్ల గ్యారంటీ ఉంది కదా.

లెక్కల_మాస్టారు:
ఉంది బాబూ. 2016 రెరా చట్టం 14వ సెక్షన్. నిర్మాణంలో, పనితనంలో లోపాలుంటే, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్ల లోపు చెప్తే బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగుచేయాలి. కానీ మేస్త్రీని పంపించమని నేను 11 సార్లు ఫోన్ చేశాను. అందుకే లోపాల జాబితా రాసి, ఎప్పటికి చేస్తారో తేదీ వేయించి, రిజిస్ట్రేషన్ ముందే సంతకం తీసుకోండి. బ్యాంకు చెక్కు చేతులు మారితే మన మాటకి బలం తగ్గుతుంది.

ఇంకోటి. మన దగ్గర అపార్ట్‌మెంట్ ప్లాన్ అనుమతికి కట్టే విస్తీర్ణంలో 10 శాతం అనుమతిచ్చే అధికారులు బిల్డర్ చేత తనఖా పెట్టించుకుంటారు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని వాళ్లిచ్చే పత్రం) వచ్చాకే విడుదల చేస్తారు. మీ ఫ్లాట్ అందులో ఉందేమో ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన తనఖాలు, అమ్మకాలు చూపించే పత్రం) చూసుకోండి. నెల కిందట తీసిన ఈసీ కాదు, గురువారం మళ్లీ తీయండి. ఓసీ కాపీ చూపించమని అడగండి. "అప్లై చేశాం సార్" అంటే చేతిలో లేనట్టే.

నిజాంపేట_వదిన:
టైల్స్ మీద రూపాయి బిళ్లతో తట్టడం మర్చిపోకండి. కింద సిమెంట్ సరిగ్గా పట్టని చోట డొల్ల శబ్దం వస్తుంది. ఒకటీ అరా అయితే వదిలేయొచ్చు, వరసంతా మోగితే మార్పించండి. పార్కింగ్ కూడా ఖాళీ జాగా చూసి సరే అనకుండా, మీ కారే పెట్టి చూడండి.

బాచుపల్లి_కొత్తకాపు:
ఆదివారం రాత్రి అప్‌డేట్. వదినగారూ, బకెట్ చూసి వాచ్‌మన్ "ఇల్లు కడగడానికి వచ్చారా సార్" అన్నాడు. బాత్రూంలు బాగున్నాయి. బాల్కనీలో నీళ్లు మాత్రం పది నిమిషాలైనా మూలలోనే నిలిచాయి. వంటింట్లో రెండు ప్లగ్‌లకి ఎర్త్ లేదు. పార్కింగ్‌లో కారు పట్టింది, కానీ పిల్లర్ అడ్డం, డ్రైవర్ వైపు తలుపు తెరుచుకోదు. ఎదురు వరసలో జాగా అడిగాను. మొత్తం 14 రాసి సంతకం పెట్టించా. ఓసీ కాపీ మాత్రం రేపు అంటున్నాడు. బుధవారం మళ్లీ వెళ్తున్నాం. అన్నీ కాకపోతే శుక్రవారం వాయిదా వేద్దామని ఇంట్లో అన్నాను, అత్తయ్యగారు ఇంకా మాట్లాడట్లేదు.